చెట్టినాడు సౌధాలకు అతిథి జంటలే ఆసరా
కూలిపోతున్న వారసత్వ గృహాలను నిలబెడుతున్న ఒక రాత్రి విడిది - యజమానుల లోటు, పన్నుల గీత, తలుపు దగ్గరి ప్రశ్నలే అడ్డంకి

కారైకుడి: ఒకప్పుడు ఇంటి కుమారునికి వివాహం కాగానే ఆ దంపతుల పేర కేటాయించిన గదిలో నేడు ఆ కుటుంబానికి ఏ సంబంధమూ లేని ఒక జంట ఒక రాత్రి బస చేసి, ఉదయం ఫలహారం ముగించుకుని బయలుదేరి వెళుతోంది. తమిళనాడులోని శివగంగ, పుదుకోట్టై జిల్లాల్లో విస్తరించి ఉన్న చెట్టినాడు ప్రాంతంలో వందేళ్ళ నాటి వర్తక సౌధాలు కొన్ని ఈ విధంగానే ప్రాణం నిలుపుకుంటున్నాయి. అతిథులకు గదులిచ్చిన ఇళ్ళలో కప్పు మీద పెంకులు ఏటా తిరగవేయడం జరుగుతోంది. ఆ ఆదాయం లేని ఇళ్ళు అనేకం తాళం వేసిన తలుపుల వెనుక చెదలకు ఆహారమవుతుండగా, మరికొన్నింటి టేకు స్తంభాలు, చెక్కడపు ద్వారబంధాలు కారైకుడిలోని పురాతన వస్తువుల దుకాణాలకు చేరుతున్నాయి.

చారిత్రక గృహాల్లో పడకను, ఉదయపు ఫలహారాన్ని కలిపి అద్దెకిచ్చే పద్ధతి ఐరోపాలో ఎంతో కాలంగా ఉన్నదే. భారతదేశంలో ఇది రాజస్థాన్ కోటలతో ఆరంభమై, గోవా, కేరళల మీదుగా తమిళనాడు లోపలి గ్రామాల వరకు వచ్చింది. సెలవు దినాల్లో కొత్తగా పెళ్ళయిన వారు, పిల్లలు పెద్దవారై తీరిక చిక్కిన నడివయసు దంపతులు పెద్ద హోటళ్ళకు బదులు ఇటువంటి ఇళ్ళను ఎంచుకోవడం పెరిగింది. అయితే ఈ విడిది వెనుక ఆస్తి హక్కులు, పన్ను విధానం, పౌరుల స్వేచ్ఛ అనే మూడు విషయాలు పెనవేసుకుని ఉన్నాయి. వీటిని తేల్చకుండా వారసత్వ పరిరక్షణ గురించి ఎంత మాట్లాడినా ఫలితం పరిమితంగానే ఉంటుంది.

దంపతులే లెక్కకు ప్రమాణం

ఈ సౌధాలను నిర్మించినవారు నాట్టుకోట్టై చెట్టియార్లు. నగరత్తార్లు అని కూడా పిలిచే ఈ వర్తక సమాజంలో జనాభా లెక్క మనుషులతో కాక దంపతులతో సాగుతుంది. పెళ్ళయిన ప్రతి జంటా ఒక 'పుళ్ళి'. తమిళంలో ఆ మాటకు చుక్క అని అర్థం. ఇక్కడ అది లెక్కలో ఒక పద్దు. తమ తొమ్మిది వంశాలకు చెందిన దేవాలయాలకు ఇవ్వవలసిన చందాను సైతం పుళ్ళికి ఇంత చొప్పున నిర్ణయించడం వారి ఆచారం.

ఇంటి నిర్మాణం కూడా ఈ లెక్కనే అనుసరించింది. ముందు అరుగులు, అతిథులను, వ్యాపార సంబంధీకులను కూర్చోబెట్టే ముందరి మండపం, దాని తరువాత నాలుగు వైపులా వసారాలున్న పెద్ద లోగిలి, ఆ లోగిలి చుట్టూ వరుసగా గదులు, వెనుక భోజనశాల, చివర వంటిళ్ళు. ఒక్కొక్క ఇల్లు ఒక వీధిలో మొదలై వెనుక వీధిలో ముగుస్తుంది. లోగిలి చుట్టూ ఉన్న గదులు పెళ్ళయిన కుమారులకు ఒక్కొక్కటిగా పంచి ఇచ్చేవారు. ఒకే కప్పు కింద ఉన్నా, పెళ్ళయిన కొంత కాలానికి ప్రతి జంటకూ వేరు పొయ్యి, వేరు ఖర్చు ఏర్పాటు చేయడం వారి పద్ధతి. ఉమ్మడి ఇంట్లో విడి కాపురం అన్నమాట.

గది చిన్నది; లోగిలి పెద్దది. దంపతుల సామాను, పుట్టింటివారు పెట్టిన పాత్రలు, పత్రాలు గదిలో భద్రపరచేవారు. మిగిలిన జీవితమంతా వసారాల్లోనే గడిచేది. ఈనాటి అతిథి జంట కోరే ఏకాంతం ఆనాటి ఇంటి నమూనాలో లేదు. గదిని ఆనుకుని స్నానపుగది ఉండేది కాదు. కాబట్టి పాత ఇంటిని విడిదిగా మార్చదలచినవారు మొదట ఖర్చు చేయవలసి వస్తున్నది కొత్త గొట్టాలకు, స్నానపుగదులకే. రెండు పాత గదులను కలిపి ఒక గదిగా చేయడం, సున్నపు గోడలకు దెబ్బ తగలకుండా నీటి గొట్టాలు వేయడం ఈ పనిలో కష్టమైన భాగాలు.

బర్మా సిరి, బర్మా పతనం

ఈ ఇళ్ళకు డబ్బు సముద్రం అవతలి నుంచి వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దం నుంచి నాట్టుకోట్టై చెట్టియార్లు సింహళం, మలయా, బర్మా దేశాల్లో వడ్డీ వ్యాపారం సాగించారు. బర్మాలో ఐరావతీ నది డెల్టా ప్రాంతాన్ని వరిపొలాలుగా మార్చిన రైతులకు పెట్టుబడి సమకూర్చింది చాలావరకు వీరే. తిరుగు ఓడల్లో బర్మా టేకు వచ్చింది. ఇటలీ పాలరాయి, ఐరోపా అద్దాలు, దీపగుచ్ఛాలు వచ్చాయి. నేల మీద పరచిన రంగురంగుల బిళ్ళలు మాత్రం పక్కనే ఉన్న ఆత్తంగుడి గ్రామంలో స్థానిక ఇసుకతో తయారయ్యాయి. గోడలకు సున్నం, గుడ్డు సొన కలిపి మెరుగు పెట్టేవారు. ఎండాకాలంలో ఈ గోడలు చల్లగా ఉండటం నేటి అతిథులకు ప్రధాన ఆకర్షణ.

1930 దశకపు ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పతనమై బర్మా రైతులు అప్పులు తీర్చలేకపోయారు. తాకట్టు భూములు చెట్టియార్ల పరమయ్యాయి. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో 1930లో ఆరు శాతంగా ఉన్న వారి భూస్వామ్యం 1938 నాటికి సుమారు 25 శాతానికి పెరిగింది. కోరుకున్నది నగదు కాగా, చేతికి వచ్చింది భూమి. ఆ భూమే స్థానికుల ఆగ్రహానికి కారణమైంది. 1942లో జపాన్ సేనల రాకతో భారతీయులు వలస వెనుదిరిగారు. 1948లో స్వాతంత్ర్యం పొందిన బర్మా భూముల జాతీయకరణ చట్టం చేసింది. 1960 దశకంలో నే విన్ ప్రభుత్వం బ్యాంకులను, వర్తక సంస్థలను కూడా జాతీయం చేయడంతో మిగిలిన ఆశ అడుగంటింది.

ఈ పతనం తెలుగువారికి అపరిచితం కాదు. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వెళ్ళి రంగూన్ ఓడరేవులో, బియ్యపు మిల్లుల్లో కూలి చేసిన వేలాది తెలుగు కుటుంబాలు అదే 1942లో కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగి వచ్చాయి. 1960 దశకంలో వచ్చిన కాందిశీకుల గుర్తుగా విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ నిలిచి ఉంది. ఒకే దేశం నుంచి ఒకే కారణం చేత వెనుదిరిగిన వారిలో కూలీలకు గుడిసెలు మిగలగా, వర్తకులకు ఆదాయం లేని భవంతులు మిగిలాయి.

ఆ తరువాతి తరం చదువులకు, వ్యాపారాలకు చెన్నై, కోయంబత్తూరు, సింగపూరు, కౌలాలంపూరు వెళ్ళిపోయింది. ఇల్లు పెళ్ళిళ్ళకు, ఏటేటా పితృదేవతలకు జరిపే పూజకు కూడుకునే చోటుగా మారింది. సంవత్సరంలో కొద్ది రోజులు మాత్రమే మనుషులు తిరిగే ఇంటికి పన్నెండు నెలలూ మరమ్మతు తప్పదు.

రాజస్థాన్ చూపిన దారి

వాసయోగ్యం కాని పెద్ద భవనాన్ని అతిథి గృహంగా మార్చి కాపాడుకోవచ్చని మొదట చూపినవారు రాజస్థాన్ రాజవంశీకులు. జయపూర్ మహారాజు రెండవ సవాయ్ మాన్‌సింగ్ 1957లో రాంబాగ్ ప్యాలెస్‌ను హోటల్‌గా మార్చారు. ఉదయపూర్ సరస్సు మధ్యలోని భవనం 1963లో అదే బాట పట్టింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు రద్దయ్యాక అవసరమే అనేకమంది సంస్థానాధీశులను ఈ వ్యాపారంలోకి నెట్టింది. 1986లో కొనుగోలైన నీమ్రానా కోట శిథిలాలు మరమ్మతు అనంతరం 1991లో హోటల్‌గా తెరుచుకున్నాయి. రాజవంశంతో సంబంధం లేనివారు సైతం పాత కట్టడాన్ని కొని, నిలబెట్టి, లాభం గడించవచ్చని ఈ ఉదాహరణ రుజువు చేసింది.

కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ హెరిటేజ్ హోటల్ అనే ప్రత్యేక వర్గాన్ని ఏర్పాటు చేసి, 1950కి పూర్వం నిర్మించిన కోటలు, హవేలీలు, వేట బంగళాలు, నివాస గృహాలకు అందులో చోటు కల్పించింది. కనీసం ఐదు గదులుండాలని, కొత్తగా చేర్చే నిర్మాణం పాత శైలికి అనుగుణంగా ఉండాలని నిబంధనలు విధించింది.

చెట్టినాడులో ఈ ప్రయోగం ఆలస్యంగా మొదలైంది. కారైకుడిలో 'ది బంగళా' 1999లో అతిథులకు తెరుచుకుంది. ఆ తరువాత కానాడుకాత్తాన్ గ్రామంలో ఒక తండ్రి తన కుమార్తె కోసం కట్టించిన విశాలం, కడియాపట్టిలోని చిదంబర విలాస్ వంటివి హోటళ్ళుగా మారాయి. కోత్తమంగళంలో 1910 నాటి శారదా విలాస్‌ను ఇద్దరు ఫ్రెంచి వాస్తుశిల్పులు పునరుద్ధరించారు. 2014లో చెట్టినాడు గ్రామ సముదాయాలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు సంపాదించాయి. ఈ జాబితాలో చేరినంత మాత్రాన నిధులు రావు. ప్రపంచ వారసత్వ హోదా కోరడానికి అది మొదటి మెట్టు మాత్రమే.

యజమాని ఇంట్లో లేకపోవడమే చిక్కు

పెద్ద సౌధాలు హోటల్ సంస్థల చేతికి వెళ్ళగా, మధ్యతరహా ఇళ్ళ పరిస్థితి అగమ్యంగా ఉంది. ఇటువంటి ఇళ్ళ కోసమే కేంద్ర ప్రభుత్వం 2006-07లో 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' పథకాన్ని ప్రవేశపెట్టింది. 2010 కామన్‌వెల్త్ క్రీడలకు వచ్చే అతిథులకు ఢిల్లీలో హోటల్ గదులు చాలవన్న ఆందోళన దీనికి ఊతమిచ్చింది. ఢిల్లీ ప్రభుత్వం 2007లో ఇందుకోసం ప్రత్యేక చట్టం కూడా చేసింది. కేంద్ర పథకం కింద ఒకటి నుంచి ఆరు గదుల వరకు అద్దెకివ్వవచ్చు. సౌకర్యాలను బట్టి గోల్డ్, సిల్వర్ శ్రేణులు ఇస్తారు. యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసించాలన్నది ఇందులో కీలకమైన షరతు.

సదుద్దేశంతో పెట్టిన ఈ షరతే చెట్టినాడుకు ఆటంకమైంది. ఇక్కడ ఇల్లు ఉంది, గదులు ఉన్నాయి, వంటవారు ఉన్నారు. యజమాని మాత్రం చెన్నైలోనో సింగపూరులోనో ఉంటాడు. ఇంటిని చూసేది కావలివాడు. అందువల్ల అది హోంస్టే లెక్కలోకి రాదు. హోటల్ అనిపించుకోవాలంటే అగ్నిమాపక శాఖ, స్థానిక సంస్థ, ఆహార భద్రతా విభాగం వంటి కార్యాలయాల అనుమతులు తెచ్చుకోవాలి. మూడు గదులు అద్దెకివ్వదలచిన కుటుంబానికి ఇంత శ్రమ గిట్టుబాటు కాదు. రాజస్థాన్‌లోని షెఖావతి ప్రాంతంలో మార్వాడీ వర్తకులు కోల్‌కతా, ముంబయి వెళ్ళిపోగా కావలివారి చేతిలో మిగిలిన చిత్రాల హవేలీలకు కూడా ఇదే గతి పట్టింది.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ హోంస్టేలకు ముద్రా రుణాలు ఇస్తామని ప్రకటించారు. హామీ ఆస్తి లేకుండా లభించే ఈ రుణం ఉమ్మడి ఇళ్ళకు ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. పదిమందికి వాటా ఉన్న ఇంటిని తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ముందుకు రావు గనుక ఈ అంశానికి ప్రాధాన్యం ఉంది. అయితే రుణం తీసుకునేది ఎవరు, తీర్చేది ఎవరు అన్న ప్రశ్న తిరిగి వారసుల వద్దకే చేరుతుంది.

వారసుల అంగీకారం

నలుగురు కుమారుల కోసం కట్టిన ఇంటికి నాలుగు తరాల తరువాత వాటాదారులు యాభైమంది ఉండటం అసాధారణం కాదు. ఒక్కరు అడ్డు చెప్పినా గుత్తకు తీసుకునేవారు వెనుకంజ వేస్తారు. తన వాటాను బయటివారికి అమ్మినప్పుడు, ఆ కొనుగోలుదారు విభజన కోసం కోర్టుకు వెళితే, కుటుంబ సభ్యుడే ఆ వాటాను న్యాయమైన ధరకు తిరిగి కొనుక్కునే అవకాశాన్ని 1893 నాటి విభజన చట్టం నాలుగవ సెక్షన్ కల్పిస్తున్నది. ఇది నివాస గృహం పరాయిపాలు కాకుండా కాపాడుతుంది గానీ, మరమ్మతుకు కావలసిన డబ్బును సమకూర్చదు.

పాత లెక్కలో ఆడపిల్లకు లోగిలిలో గది లేదు. ఆమె పుళ్ళి అత్తవారింటి లెక్కలో చేరేది. చట్టం ఈ పద్ధతిని మార్చింది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కు కల్పిస్తూ ఎన్.టి. రామారావు ప్రభుత్వ హయాంలో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ నుంచి అమలులోకి వచ్చింది. తమిళనాడు 1989లో ఇటువంటి సవరణే చేసింది. 2005లో పార్లమెంటు దానిని దేశమంతటికీ విస్తరింపజేయడమే కాక, పురుష వారసులు కోరేదాకా స్త్రీలు నివాస గృహంలో విభజన అడగరాదన్న పాత నిబంధనను తొలగించింది. న్యాయం దృష్ట్యా ఇది ఎంతో కాలంగా రావలసిన మార్పు. ఇంటిని అతిథులకిచ్చే ఒప్పందం మీద ఇప్పుడు కుమార్తెల సంతకాలూ అవసరమే. ఆదాయంలో వాటా కూడా వారికి అందాలి.

పెళ్ళిళ్ళకు, పితృపూజకు ఇంటిని కుటుంబానికే ఉంచుకుని, మిగిలిన దినాల్లో అతిథులకిచ్చే ఒప్పందం ఈ పరిస్థితిలో అందరికీ ఆమోదయోగ్యంగా కనిపిస్తున్నది. ఇల్లు అమ్మకుండానే ఆదాయం వస్తుంది. పూజగదికి తాళం ఉంటుంది. వాటాల తగవు తేలేదాకా పైకప్పు కూలకుండా ఆగుతుంది.

పన్ను గీత

విడిది ధర ఇద్దరికి కలిపి నిర్ణయించడం ఈ వ్యాపారంలో ఆనవాయితీ. అందుచేత జంటలు రాని రోజు గది ఖాళీయే. కరోనాకు ముందు 2019లో భారతదేశానికి 1.09 కోట్ల మంది విదేశీ పర్యాటకులు రాగా, 2020లో ఆ సంఖ్య 27 లక్షలకు పడిపోయింది. 2023లో సుమారు 95 లక్షలకు కోలుకుంది. విదేశీయుల మీదనే ఆధారపడిన వారసత్వ గృహాలు ఆ రెండు మూడేళ్ళలో దేశీయ దంపతుల వైపు దృష్టి మళ్ళించవలసి వచ్చింది. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు నుంచి రెండు రాత్రుల సెలవు మీద వచ్చేవారు ఇప్పుడు ఈ గృహాలకు ముఖ్యమైన ఆధారం.

వీరికి ధర ముఖ్యం. ధరలో పన్ను ముఖ్యం. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె గల గదులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు మించిన గదులపై 18 శాతం కొనసాగుతున్నది. ఉదాహరణకు 7,000 రూపాయల గదికి ఇంతకు ముందు 840 రూపాయల పన్ను పడేది. ఇప్పుడు 350 రూపాయలే. 8,000 రూపాయల గదికి మాత్రం 1,440 రూపాయలు చెల్లించాలి. వెయ్యి రూపాయల ధర తేడాకు పన్నులో తేడా వెయ్యి దాటిపోవడం గమనార్హం. సహజంగానే యజమానులు ధరను ఆ గీతకు లోబడి ఉంచడానికి ప్రయత్నిస్తారు.

కాగా, ఐదు శాతం పన్ను చెల్లించేవారికి తాము కొనే వస్తువులపై అప్పటికే కట్టిన పన్నును మినహాయించుకునే వీలు లేదు. కొత్తగా కట్టిన హోటల్‌కు ఇది పెద్ద భారం కాకపోవచ్చు. ఏటా సున్నం, పెంకులు, టేకు, మేస్త్రీ కాంట్రాక్టుల మీద ఖర్చు పెట్టే పాత ఇంటికి మాత్రం ఇది దాగి ఉన్న ఖర్చు.

చిన్న ఇళ్ళకు మరొక వెసులుబాటు ఉంది. సేవల ఆదాయం సంవత్సరానికి 20 లక్షల రూపాయలు దాటకపోతే సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు. మూడు గదులను 4,000 రూపాయల చొప్పున ఏడాదిలో 150 రాత్రులు అద్దెకిస్తే వచ్చేది 18 లక్షలు. అయితే ఆన్‌లైన్ సంస్థ ద్వారా గది కుదిరితే ఆ సంస్థే పన్ను వసూలు చేసి చెల్లించాలన్న నిబంధన ఉంది కనుక అతిథికి ఈ మినహాయింపు ఫలితం దక్కదు. నేరుగా ఉత్తరం ద్వారానో ఫోన్ ద్వారానో కుదుర్చుకున్నవారికే అది చేరుతుంది.

తలుపు దగ్గర ప్రశ్న

ఆస్తి, పన్ను సమస్యలకు లెక్కలున్నాయి. వచ్చిన జంట ఎవరన్న ప్రశ్నకు లెక్క లేదు. ఒక రాత్రి ప్రయాణం చేసి, ముందుగానే డబ్బు చెల్లించి వచ్చినవారిని పెళ్ళి ధ్రువపత్రం చూపలేదనో, ఇంటిపేర్లు కలవలేదనో వెనక్కు పంపిన ఫిర్యాదులు దేశంలో తరచు వినిపిస్తున్నాయి. చట్టం ఏమంటున్నదో యజమానులకూ అతిథులకూ స్పష్టంగా తెలియకపోవడం ఇందుకు ఒక కారణం.

వివాహం కాని ఇద్దరు వయోజనులు ఒక గదిలో బస చేయడం నేరమని చెప్పే చట్టం దేశంలో లేదు. కోయంబత్తూరులో అవివాహిత జంటకు గది ఇచ్చారన్న కారణంతో అధికారులు ఒక సర్వీస్ అపార్ట్‌మెంటును 2019లో మూసివేయగా, మద్రాసు హైకోర్టు అదే ఏడాది డిసెంబర్‌లో ఆ చర్యను తప్పుపట్టి తాళాలు తీయవలసిందిగా ఆదేశించింది. పెళ్ళి లేకుండా కలసి జీవించడం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లో ఖుష్బూ కేసులో అంతకు ముందే స్పష్టం చేసి ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది స్వలింగ సంబంధాలను నేరంగా పరిగణించే నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు ప్రకటించింది.

యజమాని బాధ్యతలు లేకపోలేదు. అతిథి గుర్తింపును, వయసును నిర్ధారించుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివారి విషయంలో 2012 నాటి పోక్సో చట్టం కఠినంగా ఉంది. విదేశీయుల వివరాలను అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. 2025 సెప్టెంబర్ నుంచి అమలులో ఉన్న వలసలు, విదేశీయుల చట్టంలోనూ ఈ బాధ్యత కొనసాగింది. వ్యభిచార గృహంగా వాడిన భవనాన్ని మూయించే అధికారం 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం మేజిస్ట్రేటుకు ఇస్తున్నది. తమ ఇంటిపేరు పోలీసు కేసులో, పత్రికల్లో పడుతుందేమోనన్న భయం పాత కుటుంబాలకు ఎక్కువ. ఆ భయంతోనే వారు చట్టం అడగని పత్రాన్ని తాము అడుగుతున్నారు.

మరి గది నిరాకరించే స్వేచ్ఛ యజమానికి ఉన్నదా? ఇక్కడ రాజ్యాంగం ఒక గీత గీసింది. హోటళ్ళలో ప్రవేశానికి మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఎవరినీ అడ్డగించరాదని 15వ అధికరణం రెండవ భాగం చెబుతున్నది. పౌరహక్కుల అధికరణాల్లో చాలావాటికి భిన్నంగా ఇది ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుంది. వైవాహిక స్థితి ఆ జాబితాలో లేదు. అందువల్లనే 2025 జనవరిలో ఓయో సంస్థ మీరట్ నగరంలోని తన భాగస్వామ్య హోటళ్ళకు అవివాహిత జంటలను నిరాకరించే వీలు కల్పించినప్పుడు విమర్శలు వచ్చాయే గానీ చట్టపరమైన అడ్డు కనిపించలేదు. ఒకవైపు వారిని రానివ్వడం నేరం కాదు. మరొకవైపు రానివ్వకపోవడమూ స్పష్టంగా నేరం కాదు. ఈ మధ్య ప్రదేశంలో నలిగిపోతున్నది అతిథి.

పెళ్ళి ప్రశ్న వెనుక కులం, మతం దాగి ఉండే ప్రమాదాన్ని కూడా విస్మరించరాదు. భిన్న మతాల పేర్లు గల దంపతులను మాత్రమే ధ్రువపత్రం అడిగి, ఒకే మతం పేర్లున్నవారిని అడగకపోతే అది వైవాహిక స్థితికి సంబంధించిన షరతు అనిపించుకోదు. పాత సౌధాల్లో అరుగు ఎవరికి, మండపం ఎవరికి, లోగిలి ఎవరికి అన్న నియమాలు పుట్టుకను బట్టి ఉండేవి. ఇంటిని డబ్బుకు తెరచిన రోజున ఆ నియమాలు గడప బయటే ఆగాలి. సొంత ఇంట్లో చుట్టాన్ని ఎంచుకునే హక్కు వేరు. ప్రకటన ఇచ్చి ప్రజలను ఆహ్వానించే వ్యాపారం వేరు.

ఇల్లు ఒక్కటే నిలిస్తే చాలదు

శ్రీలంకలోని గాలే కోట ఈ విషయంలో ఒక హెచ్చరికగా కనిపిస్తున్నది. డచ్చివారి కాలపు ఇళ్ళతో నిండిన ఆ కోట 1988లో ప్రపంచ వారసత్వ ప్రదేశమైంది. ఆ తరువాత విదేశీయులు అనేక ఇళ్ళను కొని అతిథి గృహాలుగా మార్చారు. తరతరాలుగా అక్కడ కాపురమున్న కుటుంబాలు మంచి ధరకు అమ్ముకుని వెలుపలికి తరలిపోయాయి. కట్టడాలు బాగుపడ్డాయి గానీ, నివాస స్థలం క్రమంగా విడిది స్థలమైంది.

చెట్టినాడులో సమస్య రూపం వేరు. ఇక్కడి ఇళ్ళు ముందే ఖాళీ అయ్యాయి. అతిథి రాకతో వంటవారికి, ఆత్తంగుడి బిళ్ళల పనివారికి, చేనేత కార్మికులకు, సున్నపు మేస్త్రీలకు పని దొరుకుతోంది. సున్నపు మెరుగు పని తెలిసినవారు కొద్దిమందే మిగిలిన తరుణంలో ఈ విద్య నిలవడం ఇల్లు నిలవడం కంటే తక్కువ విషయం కాదు. అయితే ఆదాయం పెద్ద సంస్థలు గుత్తకు తీసుకున్న కొద్ది భవనాలకే పరిమితమైతే పక్క వీధిలోని ఇల్లు కూలుతూనే ఉంటుంది.

తెలుగు నేల మీదా ఈ రెండు దృశ్యాలూ ఉన్నాయి. పైగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా హైదరాబాదులో కట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్ దీర్ఘకాల మరమ్మతుల అనంతరం 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. అంతటి పెట్టుబడి అన్ని భవనాలకూ దొరకదు. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. కాగా తెలంగాణ పల్లెల్లోని గడీలు, కోస్తాలోని జమీందారీ బంగళాలు అనేకం కప్పులు కూలి, గోడల మీద చెట్లు మొలిచి ఉన్నాయి. గడీల వెనుక వెట్టిచాకిరీ జ్ఞాపకం ఉన్నందున వాటిని కేవలం వైభవ చిహ్నాలుగా అతిథులకు చూపడం న్యాయం కాదన్న వాదన కూడా తోసిపుచ్చదగినది కాదు.

చేయవలసినవి

చెట్టినాడు అనుభవం నుంచి చేపట్టదగిన చర్యలు కొన్ని స్పష్టంగా కనిపిస్తున్నాయి. యజమాని నివసించాలన్న షరతును వారసత్వ గృహాల విషయంలో సడలించి, స్థానికంగా నివసించే బాధ్యుడైన నిర్వాహకుడు ఉంటే చాలునని మార్చవచ్చు. ఉమ్మడి వారసులు ఒక ట్రస్టుగానో భాగస్వామ్య సంస్థగానో ఏర్పడటానికి రిజిస్ట్రేషన్ ఖర్చులో రాయితీ ఇవ్వవచ్చు. సున్నం, పెంకుల పనికయ్యే ఖర్చుకు పన్నులో కొంత మినహాయింపు కల్పించవచ్చు. ఏ పత్రాలు కావాలో, ఎవరికి గది ఇవ్వరో డబ్బు తీసుకోకముందే యజమాని రాతపూర్వకంగా తెలియజేయాలన్న నిబంధన అన్నిటికంటే సులభమైనది. దీనికి ఖజానా నుంచి రూపాయి ఖర్చు కాదు. తెలియజేయకుండా గడప దగ్గర నిరాకరిస్తే చెల్లించిన మొత్తం తిరిగి ఇవ్వడమే కాక, ఆ రాత్రి వేరే బసకయ్యే ఖర్చు భరించాలన్న షరతు కూడా అవసరం.

గదులు, గోడలు, టేకు స్తంభాలు ఎంత అందమైనవైనా, ఈ ఇళ్ళను ఇన్నాళ్ళు నడిపించింది ప్రతి జంటకూ లోగిలిలో ఒక చోటు, ఒక లెక్క ఉండటమే. ఆ లోగిలి గదులకు నేడు కుటుంబంలో కాపురముండేవారు లేరు. అద్దె చెల్లించి వచ్చే జంటలతోనే పెంకులు తిరగవేసే ఖర్చు గడవాలి. వచ్చినవారిని ఏ లెక్కన లోనికి ఆహ్వానించాలో ఇంటి యజమానులు, ప్రభుత్వాలు త్వరలోనే తేల్చుకోక తప్పదు. వానాకాలం వచ్చిన ప్రతిసారీ తాళం వేసిన ఇళ్ళలో మరికొన్ని కప్పులు నేలకొరుగుతూనే ఉన్నాయి.